స్పాట్ కలర్లు ‘అచ్చంగా’ వస్తాయని చెప్పి కలర్ కాపియర్ అంటగట్టేవారితో జాగ్రత్త

ఫిర్యాదు ఇంకా తేలలేదు కనుక మాకు కలర్ కాపియర్ అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ ఇవే మాటలు చెప్పి ఇలాంటి మెషీన్లు అమ్మేవారు ఇంకా ఉంటారు, వారి ఎదుట కూర్చోబోయే కొనుగోలుదారులూ ఉంటారు. అందుకే జరిగినదాన్ని రాస్తున్నాను.

మా సంస్థ చిహ్నంలో ఉన్నవి రెండే రంగులు: ప్యాంటోన్ ఆరెంజ్ 021, రిఫ్లెక్స్ బ్లూ. ప్యాంటోన్ అంటే ప్రెస్‌వారి కోసం రంగులకు పేర్లు, నంబర్లు ఇచ్చే పద్ధతి; అలా విడి సిరాగా వేసే రంగునే స్పాట్ కలర్ అంటారు. లెటర్‌హెడ్లు, కవర్లు ఆఫ్‌సెట్ ప్రెస్‌లో వేయించుకుంటాం. కొద్ది కాపీలు మాత్రమే అవసరమయ్యే ప్రతిపాదన పత్రాలను ఆఫీసులోనే తీసుకోవాలనుకున్నాం. మేము పెట్టిన షరతు ఒక్కటే: ప్రెస్‌లో వేసిన లెటర్‌హెడ్ పక్కన కాపియర్ కాగితం పెడితే రెండూ ఒకే సంస్థవని కనిపించాలి. అందుకు అమ్మకందారు ఇచ్చిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “ప్యాంటోన్ రంగులన్నీ మెషీన్‌లోనే ఉంటాయండీ, మీరు నంబరు చెబితే చాలు, అచ్చంగా అదే వస్తుంది.” వారి షోరూంలో మా ఫైలునే వేసి చూపించారు. నారింజ ఒక పిసరు మసకగా ఉన్నా నీలం చాలా దగ్గరగా వచ్చింది. దాన్ని చూసే ఆర్డరు ఇచ్చాం.

మెషీన్ వచ్చింది. షోరూంలో చూసిన మోడలే, పైన అదే పేరు. మొదటి కాగితం బయటికి రాగానే కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి లెటర్‌హెడ్ పక్కన పెట్టి చూశాను. నీలం వంగపండు రంగులోకి దిగిపోయింది. నారింజ ఇటుక రంగుకు తిరిగింది, పైగా దానిలో సన్నని చుక్కల అల్లిక కంటికి కనబడుతోంది. ట్యూబ్‌లైటు కిందికి తెస్తే నీలంలో తేడా కొంత తగ్గినట్టు, నారింజలో ఇంకా పెరిగినట్టు అనిపించింది. రెండు వేర్వేరు పదార్థాలతో ఏర్పడిన రంగులు ఒక వెలుతురులో కలిసి మరొక వెలుతురులో విడిపోవడం సహజమే. అందుకే ప్రెస్‌వారు 5000 కెల్విన్ దీపం కింద పెట్టి చూస్తారు. కానీ మా కాగితాలు ఏ దీపం కిందా కలవలేదు.

ఫిర్యాదు చేస్తే ముందు టెక్నీషియన్, తర్వాత అమ్మకాల అధికారి వచ్చారు. ఆయన వచ్చిన తర్వాత జరిగినదే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వడం లేదు. నేను ప్యాంటోన్ షేడ్ కార్డు విప్పి, రిఫ్లెక్స్ బ్లూ పట్టీని మా కాగితంపై ఆనించి చూపిస్తూ ఉండగా, ఆయన ఆ కార్డును నా చేతిలోంచి తీసుకుని, మూసి, బల్ల మీద నా వైపు నెట్టి ఇలా అన్నారు: “మీ క్లయింట్లు ఈ పుస్తకం పట్టుకుని కూర్చుంటారా? మామూలు మనిషి కంటికి ఈ తేడా ఆనదు. మీకే రంగుల పట్టింపు ఎక్కువ.” ఆ వెంటనే బ్రోచరు చివరి పేజీ తిప్పి, అడుగున చీమతలలంత అక్షరాల్లో ఉన్న వాక్యం మీద వేలు పెట్టారు. స్పాట్ కలర్లు అనుకరణ మాత్రమేననీ, అసలు ప్రమాణంతో సరిపోలకపోవచ్చుననీ అందులో ఉంది. ‘అచ్చంగా’ అన్న మనిషీ, ‘అనుకరణ మాత్రమే’ అని వేలు పెట్టి చూపిన మనిషీ ఒక్కరే. మొదటి మాట ఆర్డరు ముందు, రెండవది డబ్బు ముట్టిన తర్వాత.

అసలు కారణం టెక్నీషియన్ నోటి నుంచి వచ్చింది. షోరూంలోని మెషీన్‌కు విడిగా ఒక కలర్ కంట్రోలర్, అంటే ఫైలులోని రంగులను మెషీన్‌కు తగినట్టు మార్చి పంపే పరికరం, తగిలించి ఉంది. స్పాట్ రంగుల పేర్లు, ఒక్కో రంగుకు ఏ టోనర్ (రంగు పొడి) ఎంత పాలు పడాలో చెప్పే పట్టిక దానిలోనే ఉంటుంది. వారు వాడే కాగితానికి తగినట్టు ఆ పట్టికను ముందుగానే సరిదిద్దుకుని ఉంచారు. మాకు పంపినది లోపలి సాధారణ కంట్రోలర్‌తో వచ్చిన మెషీన్. ఆ పట్టిక, రంగులను కొలిచి సరిదిద్దే కాలిబ్రేషన్ పరికరం ‘ఆప్షనల్’ అట, వాటికి విడిగా చెల్లించాలట. ఒక మెషీన్‌ను చూపించి మరొక మెషీన్‌ను పంపడాన్ని నేను మోసమనే అంటాను.

ఆ విడి కంట్రోలర్ ఉన్నా ‘అన్ని రంగులూ’ అన్న మాట అబద్ధమే. ప్యాంటోన్ పద్ధతి 1963లో వచ్చింది. దానిలో ప్రెస్‌వారు మూల సిరాలను సూత్రం ప్రకారం కలిపి ఒక్కో రంగును విడి సిరాగా తయారుచేస్తారు. మాకు కావలసిన ఆరెంజ్ 021, రిఫ్లెక్స్ బ్లూ ఆ మూల సిరాల్లోనివే. కాపియర్‌లో ఉన్నవి సయాన్ (ఆకాశనీలం వంటిది), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు టోనర్లు మాత్రమే. ఈ నాలుగింటి చుక్కలతో ఏ రంగునైనా కట్టాలి. తేటగా మెరిసే నారింజ, గాఢమైన నీలం, ఊదా, కొన్ని ఆకుపచ్చలు వాటి పరిధికి బయటే ఉంటాయి. బంగారు, వెండి, ఫ్లోరసెంట్ సిరాలైతే చెప్పనే అక్కర్లేదు. నీలాన్ని సయాన్‌లో చాలా మెజెంటా కలిపి కడతారు కనుక, మెజెంటా కొంచెం మించినా ఊదా తేలుతుంది. గాలిలో తేమ మారినా, టోనర్‌ను మోసే డెవలపర్ పొడి పాతబడినా, కాగితం మార్చినా ఆ తూకం తప్పుతుంది. అందుకే క్రమం తప్పకుండా కాలిబ్రేషన్ చేయాలి, ఆ పరికరాన్నే మాకు ఇవ్వలేదు.

వారు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. రంగు పేరు ఫైలుతో పాటు కంట్రోలర్ దాకా చేరితేనే పట్టిక పనిచేస్తుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచి స్పాట్ కలర్‌ను అలాగే ఉంచి తీసిన పీడీఎఫ్‌లో ఆ పేరు ఉంటుంది. పట్టికలో అది దొరకకపోతే, ఫైలులోనే ఉన్న ప్రత్యామ్నాయ నాలుగు రంగుల పాళ్లను మెషీన్ తీసుకుంటుంది. మా పాత ఫైళ్లలో పేరు చివర ‘సీవీసీ’ అని ఉంది, ఇప్పటి పట్టికల్లో ‘సి’ అనే ఉంటుంది. ఆ మాత్రం తేడాకే పేరు కలవకపోవచ్చు. ఇక వర్డ్ లాంటి ఆఫీసు సాఫ్ట్‌వేర్ నుంచి ప్రింట్ ఇస్తే రంగు ఆర్‌జీబీగానే, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగానే వెళుతుంది, పేరన్నదే ఉండదు. గాజు పలక మీద కాగితం పెట్టి కాపీ తీసినా అంతే. మా ప్రతిపాదన పత్రాలు దాదాపు అన్నీ వర్డ్‌లో తయారయ్యేవే. ఆ విషయం మొదటి సమావేశంలోనే వారికి చెప్పాం, తలూపారు.

‘మామూలు కంటికి ఆనదు’ అన్న మాటను అలా వదిలేయలేక, మాకు లెటర్‌హెడ్లు వేసే ప్రెస్‌లో రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిపించాను. రెండు రంగుల మధ్య తేడాను అంకెలో చెప్పే సీఐఈడీఈ2000 లెక్కలో అది 2 లోపు ఉంటే పక్కపక్కన పెట్టినా చాలామంది పట్టించుకోరు. మా నీలం 8 దాటింది. ఆ కొలతను జతచేసి, చూపించిన కంట్రోలర్‌నైనా బిగించండి, లేదా మెషీన్‌నైనా వెనక్కి తీసుకోండి అని రాసి పంపాను. దానికి ఇప్పటివరకు జవాబు లేదు.

కొనబోయేవారికి నేను చెప్పేది కొంచెమే. డెమోను మీ కాగితం మీద, మీ కంప్యూటర్ నుంచి, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌తోనే తీయించండి. ఆ మెషీన్‌కు తగిలించిన కంట్రోలర్ పేరు, నంబరు రాసుకుని, అదే కంట్రోలర్, స్పాట్ కలర్ పట్టిక, కాలిబ్రేషన్ పరికరం ధరలో కలిసే ఉన్నాయని ఆర్డరు పత్రంలో రాయించండి. మీ రంగుల నంబర్లు, ఒప్పుకోదగిన తేడా ఎంతో కూడా అందులోనే ఉండాలి. డెమో కాగితం వెనుక అమ్మకందారు చేత తేదీ వేయించి, సంతకం చేయించి మీ దగ్గర ఉంచుకోండి. వెలుతురు తగులుతూ ఉంటే రంగు మారవచ్చు కనుక దాన్ని చీకటి ఫైలులో దాచండి.