18 వారాల మారథాన్ ప్లాన్: బెజవాడలో రెండు చలికాలాలు వాడాక

ముందే చెప్పేస్తాను, నేను కోచ్‌ని కాదు. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కొట్టు నాది. వయసు 43. అంతకుముందు రెండు మూడు సార్లు 10 కిలోమీటర్ల రేసులు, ఒక హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) పరిగెత్తిన అనుభవం ఉంది, అంతే. ఫుల్ మారథాన్ కోసం నెట్‌లో ఉచితంగా దొరికే ఒక ప్లాన్‌ని 2024లో ఒకసారి, 2025లో ఒకసారి వాడాను. మొదటిసారి స్టార్టింగ్ లైన్ దాకా కూడా వెళ్లలేదు. రెండోసారి పూర్తి చేశాను. ప్లాన్ అదే, కాళ్లూ అవే. తేడా ఎక్కడొచ్చిందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

ప్లాన్ అమెరికాలో ఒక కోచ్ కొత్తవాళ్ల కోసం తయారు చేసింది. మొత్తం ఒకే పేజీ. వారానికి నాలుగు రోజులు పరుగు, సోమ, శుక్రవారాలు విశ్రాంతి, శనివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు), ఆదివారం సైకిలో ఈతో ఏదో ఒకటి. మొదటి శనివారం 6 మైళ్లు, అంటే దాదాపు 10 కిలోమీటర్లు. రెండు వారాలు పెంచి మూడో వారం కాస్త తగ్గించడం దీని పద్ధతి. అలా 15వ వారానికి 20 మైళ్లు, 32 కిలోమీటర్లు అవుతుంది. అక్కడి నుంచి మూడు వారాలు తగ్గించుకుంటూ వచ్చి రేసు రోజున 42.195 కిలోమీటర్లు. వేగం గోల పెద్దగా లేదు, మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్లమంటుంది. మైళ్లన్నీ కిలోమీటర్లలోకి మార్చి ప్రింటు తీసి బీరువా తలుపు లోపల అంటించుకున్నాను.

నేను ఎంచుకున్నది ముంబయి మారథాన్. అది జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. అక్కడి నుంచి 18 వారాలు వెనక్కి లెక్కేస్తే సెప్టెంబరు మధ్యకి వస్తాం. మన ఊరికి ఇదొక్కటే దారి. మే నెలలో తెల్లవారుజామున ఐదింటికి బయటికొస్తే పరుగు మొదలు పెట్టకముందే చొక్కా తడిసిపోతుంది. కాబట్టి వానల చివర మొదలుపెట్టి సంక్రాంతికి ముగించాలి.

మొదటి ఏడాది మొదలే బాగా లేదు. 2024 సెప్టెంబరు అంటే బెజవాడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. సింగ్‌నగర్‌లో మా బావమరిది ఇల్లు ఉంది. నీళ్లు తీశాక అందరం కలిసి బురద ఎత్తిపోశాం. సెప్టెంబరు 16న మొదలవ్వాల్సిన ప్లాన్‌లో మొదటి రెండు వారాలు అలా పోయాయి. రోజులు పోతే ఏం చేయాలో ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నేను నా తెలివి ఉపయోగించి మూడో వారంలోకి నేరుగా దూకాను. పోయిన కిలోమీటర్లు మంగళ, బుధ, గురువారాల్లో తలా కాస్త కలిపి అప్పు తీర్చినట్టు తీర్చాను.

పదో వారంలో, 24 కిలోమీటర్ల శనివారం మర్నాడు, ఎడమకాలి ముందు ఎముక లోపలి అంచున మంట మొదలైంది. పరుగు మొదట్లో ఉండేది, రెండు కిలోమీటర్లయ్యాక పోయేది. పోయింది కదా అని ఊరుకున్నాను. ఇంకో రెండు వారాలకి పరుగు ముగిసే దాకా ఉండటం మొదలైంది. ఆ తర్వాత కొట్లో నిచ్చెన ఎక్కినా తెలిసేది. రాత్రి పడుకోబోయే ముందు మంచం మీద కూర్చుని ఆ ఎముకని పైనుంచి కిందికి బొటనవేలితో నొక్కి చూసుకోవడం అలవాటైపోయింది. నిన్నటి కంటే ఎక్కువా, తక్కువా? మా ఆవిడ చూసి చూసి, “ఆ ఎముకని నొక్కి నొక్కి మీరే విరగ్గొట్టేట్టున్నారు” అంది. నిజానికి నొప్పి కన్నా ఆ టెన్షనే ఎక్కువ తినేసింది.

డిసెంబరు మధ్యలో ఫిజియోథెరపిస్టు దగ్గరకి వెళ్లాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “నొప్పి బెత్తెడు మేర ఉందా, రూపాయి బిళ్లంత చోటే ఉందా?” బెత్తెడు మేర పరుచుకుని ఉంటే అది షిన్ స్ప్లింట్స్, అంటే ఎక్కువ పరుగుతో ఆ ఎముక అంచు వెంబడి వచ్చే నొప్పి. ఒక్కచోటే గుచ్చినట్టుండి, ఖాళీగా పడుకున్నా సలుపుతుంటే, ఆ కాలి మీద గెంతలేకపోతే ఎముకలో సన్నని చీలిక ఉందేమోనని అనుమానించాలి. అది మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తుంది. నాది బెత్తెడు మేర. ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ప్లాన్ కాగితం ఫొటో చూపించాను. ఆయన అంతా చదివి, “పగలు ఏం చేస్తారండీ?” అన్నారు.

“కొట్లో ఉంటానండి.”

“కూర్చునా, నిలబడా?”

“కౌంటర్ దగ్గర నిలబడే. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది.”

“మరి దీంట్లో విశ్రాంతి ఎక్కడుందండీ?” అని సోమవారం గడి మీద పెన్నుతో తట్టారు.

ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క తట్టులో ఉంది. కాగితం మీద విశ్రాంతి అంటే పరుగు లేకపోవడం. పగలంతా కుర్చీలో కూర్చుని పనిచేసుకునే మనిషికి అది సరిపోతుందేమో. నేను శనివారం తెల్లవారుజామున 26 కిలోమీటర్లు పరిగెత్తి, స్నానం చేసి, పది గంటలు సిమెంటు గచ్చు మీద నిలబడి బేరింగులు అమ్ముతున్నాను. మా దగ్గరకి కమాన్‌కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) విరిగి వచ్చే లారీల్లో సగం వాటికి మీటరు పెద్దగా తిరిగి ఉండదు. ఓవర్‌లోడ్ వేసి ఉంటారు. మీటరు కిలోమీటర్లే చూపిస్తుంది, లోడు చూపించదు. రోజూ డ్రైవర్లకి ఈ మాట చెప్పేవాణ్ణి, నా కాళ్ల దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను.

నాలుగు వారాలు పరుగు ఆపమన్నారు. అంటే రేసు పోయినట్టే. ఎంట్రీ డబ్బులు తిరిగి రాలేదు, రైలు టికెట్ మాత్రం రద్దు చేసుకున్నాను.

2025లో అదే కాగితం. కానీ పైన ‘శనివారం’ కొట్టేసి ‘ఆదివారం’ అని రాశాను. ఆదివారం మా కొట్టు మూత. లాంగ్ రన్ అయ్యాక పడుకోవచ్చు, కాలు పైకి పెట్టుకుని పేపరు చదవొచ్చు. మర్నాడు సోమవారం ఎలాగూ విశ్రాంతే. సైకిలు శనివారానికి మారింది, అది కూడా అరగంటే. కొట్లో కౌంటర్ వెనక ఎత్తు స్టూలు వేశాను. మొదట్లో మొహమాటమేసింది, కస్టమరు నిలబడి ఉంటే మనం కూర్చోవడమేంటని. వారంలో అలవాటైంది.

ఇంకొన్ని మార్పులు ఫిజియో చెప్పినవి. మెట్టు అంచున ముందుపాదాలు ఆనించి మడమలు పైకెత్తి నెమ్మదిగా దించడం, 15 చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. పిక్కలు గట్టిపడితే ఎముక మీద పడే భారం తగ్గుతుంది. అడుగులు చిన్నవి చేయడం ఇంకోటి. నిమిషానికి 158 అడుగులు వేసేవాణ్ణి, ఫోన్లో టిక్కు టిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టుకుని 168కి తెచ్చాను. మొదటి నెల కోడిపిల్లలా నడుస్తున్నట్టనిపించింది. బూట్లు 700 కిలోమీటర్లకి మార్చేశాను. అంతకుముందు అడుగు అరిగే దాకా వాడేవాణ్ణి. రోడ్డు వాలు సంగతి కూడా ఆయనే చెప్పారు. ఎదురొచ్చే బండ్లు కనపడాలని ఎప్పుడూ కుడి అంచునే వెళ్తాం కదా, రోడ్డు పక్కకి వాలి ఉండటంతో ఒక కాలు ఎప్పుడూ ఎత్తులో, ఒకటి పల్లంలో పడుతుంది. అప్పటి నుంచి వీలైన చోటల్లా మట్టి మీదకి దిగుతున్నాను.

అక్టోబరు ఆఖర్లో మొంథా తుపాను వచ్చి మూడు రోజులు మళ్లీ ఇంట్లోనే. ఈసారి ఆ మూడు రోజుల పరుగు వదిలేశాను. ఏమీ కాలేదు.

ఇక చలికాలం. ప్లాన్‌తో పాటు వచ్చే సూచనల్లో చలికాలమంటే మంచు, జారుడు, రెండు పొరల బట్టలు, కుదరకపోతే ట్రెడ్‌మిల్. ఇక్కడ డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే మంకీ క్యాపులు బయటికొస్తాయి. పరుగుకి అంతకంటే మంచి వాతావరణం ఏడాది మొత్తంలో దొరకదు. బ్యారేజీ మీద మంచు పట్టిన పొద్దుల్లో గేట్ల దీపాలు పసుప్పచ్చ మరకల్లా కనిపిస్తాయి, కింద నీళ్ల చప్పుడే తప్ప నది కనపడదు. సీతానగరం వైపు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన రోజూ అదే జోకు: “ఏం బాబూ, వాడింకా దొరకలేదా?”

మన చలికాలంలో కాళ్లకి గండం వేరే రకం. సూర్యుడు ఆరున్నర దాటితే గానీ రాడు. ఉండవల్లి దాటి కరకట్ట మీద చీకట్లో టిప్పర్లు వస్తుంటాయి, అంచున గుంత కనపడదు. నుదుటికి లైటు, వీపుకి ఎర్ర బ్లింకర్ లేకుండా అటు వెళ్లకండి. కుక్కలు కనిపిస్తే పరుగు ఆపి నడవడమే. చలిలో దాహం వేయదు గానీ చెమట పోతూనే ఉంటుంది. 29 కిలోమీటర్ల రోజున ముందూ వెనకా బరువు చూసుకుంటే 1.8 కిలోలు తగ్గాను, అదీ దారిలో లీటరు తాగాక. ఆ తర్వాత నిమ్మకాయ ఉప్పు నీళ్లు నడుముకి కట్టుకుని వెళ్లేవాణ్ణి. పరుగులో శక్తి కోసం మింగే జెల్‌లు రెండు ప్రయత్నించాను, కడుపులో తిప్పింది. బెల్లం వేరుశనగ చిక్కీ ముక్కలు, ఖర్జూరం నాకు సరిపడ్డాయి. చలికి పిక్కలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి మొదటి కిలోమీటరు నడకే.

డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజుల్లో దుర్గ గుడి వైపు వెళ్లాలనుకోవద్దు. దారంతా ఎర్రబట్టల్లో చెప్పుల్లేకుండా నడిచే జనం. వాళ్ల పక్కన నా మెత్తటి బూట్లు చూసుకుంటే నాకే సిగ్గేసింది. ధనుర్మాసం మొదలయ్యాక ఇంకో తంటా, ముగ్గులు. కృష్ణలంక సందుల్లో వీధి మొత్తం పరిచేస్తారు. 32 కిలోమీటర్ల రోజు, తిరుగు ప్రయాణంలో, ఇంటికి ఇంకో కిలోమీటరు ఉందనగా ఒక మామ్మగారు “ముగ్గు తొక్కకు నాయనా” అని అరిచింది. పక్కకి ఎగిరాను. మోకాలు కలుక్కుమంది. మూడు రోజులు ఆ మోకాలి గురించి పడ్డ భయం ఇంతా అంతా కాదు. చివరికి ఏమీ లేదు.

ప్లాన్‌కి మార్కులు వేయాలంటే 5కి 3.5. నిదానంగా పెంచడం, మధ్యలో తగ్గించడం చాలా బాగుంది, గడులు నింపుకుంటూ పోతే ధైర్యం వస్తుంది. ఒళ్లు గట్టిపరిచే వ్యాయామాల గురించి ఏమీ లేకపోవడం, మధ్యలో రోజులు పోతే దారి చూపకపోవడం పెద్ద లోటు. మొట్టమొదటిసారి పరుగు మొదలుపెట్టేవాళ్లు దీని జోలికి రావద్దు, మొదటి వారమే 10 కిలోమీటర్లు ఉంది. నిలబడి చేసే పని ఉన్నవాళ్లు, పోలీసులు, టీచర్లు, నాలాంటి కొట్టువాళ్లు, ముందు మీ వారాన్ని కాగితం మీద రాసుకుని ఆ తర్వాత దీన్ని పక్కన పెట్టి చూసుకోండి.

ఆఖరి మూడు వారాల తగ్గింపు ఉంది చూశారూ, అది అన్నిటికన్నా కష్టం. పరుగు తగ్గేసరికి లేని నొప్పులన్నీ వచ్చాయి. ఒకరోజు మడమ, ఒకరోజు తుంటి. బొటనవేలు మళ్లీ ఎముక మీదకి వెళ్లింది. పైగా ఆఖరి వారం సరిగ్గా సంక్రాంతి. భోగి తెల్లవారుజామున సందంతా పొగ, ఆ రోజు 3 కిలోమీటర్లు కూడా మానేశాను. అరిసెలు రెండంటే రెండే తిన్నాను, మా అమ్మ దాన్ని అవమానంగా తీసుకుంది. ఆదివారం రేసు, శనివారం లోపు వెళ్లి నంబరు తీసుకోవాలి. అంటే శుక్రవారం కనుమ నాడు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. “కనుమ నాడు కాకైనా కదలదు, నువ్వు బొంబాయి వెళ్తావా?” అని మా అమ్మ గుమ్మంలో నిలబడింది. చివరికి మినప గారెలు డబ్బాలో పెట్టి ఇచ్చింది, మినుము తిన్నాక వెళ్తే దోషం లేదని ఆవిడే సర్దుకుంది.

రేసు గురించి ఎక్కువ రాయడానికేం లేదు. 30 కిలోమీటర్ల దాకా పరిగెత్తాను, తర్వాత కాస్త నడక, కాస్త పరుగు. 5 గంటల 21 నిమిషాలు. ఎముక నొప్పి లేదు, కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. కాగితంలో ఆదివారం గడితో ప్లాన్ అయిపోతుంది, సోమవారం ఏం చేయాలో రాసి లేదు. మంగళవారం పొద్దున వచ్చి కొట్టు తెరిచాను, స్టూలు మీద కూర్చునే.