సత్రం ముందు ప్రయాణికుల పాత చిత్రం: మదింపు పత్రాన్ని నమ్మి బయానా ఇవ్వకండి

పల్లెటూరి సత్రం ముందు గుర్రాలతో, బండ్లతో ఆగిన ప్రయాణికులను చూపే ఒక పాత తైలవర్ణ చిత్రాన్ని 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు ఐజాక్ వాన్ ఒస్టాడె గీసినదని చెప్పి, మదింపు పత్రంతో సహా అమ్మజూపుతున్నారు. స్వతంత్ర పరీక్షలో ఆ మాట నిలబడకపోతే సొమ్ము తిరిగి ఇవ్వాలన్న రాతపూర్వక షరతుతో నేను బయానా ఇచ్చాను. పరీక్షలో ఆ మాట నిలబడలేదు, సొమ్ము నేటికీ తిరిగి రాలేదు.

ఆ పత్రం మీద చిత్రకారుడి పూర్తి పేరు పెద్ద అక్షరాలతో ఉంది. లోపలి పేజీలో మాత్రం చిన్న అక్షరాలతో ‘ఆయన శైలిలో’ అని రాశారు. వేలం సంస్థల పరిభాషలో ఆ మాటకు సాధారణంగా తర్వాతి కాలంలో ఎవరో అనుకరించి గీసినదని అర్థం. అయినా విలువను ఒస్టాడె అసలు చిత్రాలు వేలంలో పలికిన ధరలతో పోల్చి కట్టారు. పైగా అది బీమా కోసం వేసిన విలువ. పోయిన వస్తువుకు బదులు అలాంటిదాన్నే దుకాణంలో కొనడానికయ్యే ఖర్చును సూచిస్తుంది కాబట్టి, అమ్మితే చేతికి వచ్చే మొత్తం కన్నా సాధారణంగా ఎక్కువే ఉంటుంది. మదింపు చేసిన వ్యక్తి చిత్రాన్ని ఫొటోల్లో మాత్రమే చూశాడనీ, తాను కట్టిన విలువలో ఇంత శాతమని రుసుము తీసుకున్నాడనీ తర్వాత తెలిసింది. విలువ పెరిగితే తన రాబడీ పెరిగే మనిషి కట్టిన లెక్కను మదింపు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

నేను పిలిపించిన పరిరక్షణ నిపుణురాలు అతినీలలోహిత దీపం కింద చూసినప్పుడు పాత వార్నిష్ లేత ఆకుపచ్చగా వెలిగింది, సంతకం దాని మీద నల్లగా కనిపించింది. భూతద్దంలో చూస్తే సంతకపు రంగు పగుళ్లలోకి దిగి ఉంది, అంటే చిత్రం పగుళ్లు బారాకే ఎవరో ఆ పేరు రాశారు. సంతకం తర్వాత చేరినంత మాత్రాన చిత్రం ఆయనది కాదని తేల్చలేం గనుక, ఆమె ఆకాశం భాగం నుంచి సూదిమొనంత రంగు తీసి పరీక్షించారు. పైన చేసిన మరమ్మతులో కాక, మొదటి పొరలోనే ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు బయటపడింది. ఆ రంగు బెర్లిన్‌లో మొదటిసారి తయారైంది 18వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో. ఒస్టాడె 1649లోనే మరణించాడు.

చిత్రం చెడ్డదేమీ కాదు. ఆ తెల్ల గుర్రాన్ని ఎవరో చేయి తిరిగినవాడే గీశాడు. అనుకరణ అని చెప్పి అందుకు తగిన ధర అడిగి ఉంటే సంతోషంగా కొనేవాణ్ణి.

ఇలాంటి చిత్రం కొనదలచినవారు మదింపు ఎవరి డబ్బుతో, ఏ అవసరానికి జరిగిందో, నిపుణుడు చిత్రాన్ని స్వయంగా చూశాడో లేదో రాతపూర్వకంగా అడగండి. గత యజమానుల వివరాలు తీసుకోండి. డచ్ చిత్రమని చెబితే, హేగ్‌లోని కళాచరిత్ర సంస్థ ఆర్‌కేడీ నిర్వహించే చిత్రాల సంగ్రహంలో అదే దృశ్యం మరొకరి పేరుతో నమోదై ఉందేమో వెతకండి. బయానా తప్పనిసరైతే ఇద్దరికీ నమ్మకమైన మూడో వ్యక్తి దగ్గరే ఉంచండి. నా షరతు ఎంత స్పష్టంగా ఉన్నా, సొమ్ము అమ్మకందారు చేతిలో ఉండటంతో ఇప్పుడు నేను లాయరు నోటీసు పంపవలసి వచ్చింది.

ఆ చిత్రాన్ని అదే పత్రంతో మళ్లీ అమ్మకానికి పెట్టారు. కుడివైపు తెల్ల గుర్రం, ఎడమవైపు తీగ పాకిన సత్రం గోడ, కింద ఎడమ మూలన సంతకం ఉంటాయి.