రన్నింగ్ వాచ్, ఛాతీ పట్టీ, నెలసరి: రెండేళ్లు దాటాక నా సమీక్ష

నెలసరి క్యాలెండరు, శ్వాస రేటు రెండూ చూపించే వాచ్ కొనాలనుకునే అమ్మాయిలకు ముందే చెబుతున్నాను. వాచ్ ఒక్కటే కొంటే పరుగులో ఊపిరి గురించి మీకు తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. ఛాతీకి కట్టే పట్టీ కూడా ఉండాలి. రెండేళ్లకు పైగా రెండూ వాడుతున్నాను. తెల్లవారుజామున బళ్లు ఆపేసే వేళ విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి వుడా పార్కు వైపు పరుగు, వీలైనప్పుడు కైలాసగిరి మెట్లు, పండగలు లేని రోజుల్లో మెట్లు మొదలయ్యే తొలిపావంచా నుంచి సింహాచలం మెట్లు. వీటన్నిట్లో వాడాకే రాస్తున్నాను.

వాచ్ ఊపిరిని నేరుగా కొలవదు. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఆ తేడాలను బట్టి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీశామో లెక్క కడుతుంది. నిద్రలో చెయ్యి కదలదు కనుక ఆ అంకె నమ్మదగ్గదే. పరుగులో చెయ్యి ఊగుతుంది, చెమట కారుతుంది, వాచ్ అడుగున వెలిగే పచ్చ లైటుకు గుండె వేగమే సరిగ్గా అందదు. పట్టీ గుండెలోని విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది, అందుకే పరుగులోనూ నిలకడగా ఉంటుంది.

ఇక నెలసరి సంగతి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. మెదడులో శ్వాసను నడిపించే కేంద్రాన్ని అది ప్రేరేపిస్తుంది. ఊరికే కూర్చున్నా కొంచెం ఎక్కువ గాలి పీలుస్తాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా తగ్గుతుంది. గర్భిణులకు తొలి నెలల్లోనే ఆయాసం రావడానికి ఈ హార్మోన్ కూడా ఒక కారణం. అండం విడుదలయ్యాక ఒంటి వేడి కూడా సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, గుండె వేగమూ కాస్త పెరుగుతుంది. చెమట ఆరని విశాఖ ఉక్కపోతలో, అదీ మే నెలలో, ఆ కొద్దిపాటి వేడి కూడా తెలుస్తుంది.

రాత్రి శ్వాస రేటు, గుండె వేగం నా డేట్‌కు ముందు రోజుల్లో పైకి వెళ్లి, డేట్ వచ్చాక దిగడం చాలా నెలల్లో చూశాను. పరుగులో మాత్రం అంత స్పష్టంగా లేదు. అదే వేగానికి కొన్ని నెలలు శ్వాస రేటు పెరిగింది, కొన్ని నెలలు ఏ తేడా లేదు. అయినా మెట్ల మీద ఆయాసం నాకు తెలుస్తూనే ఉంది. దీనికి కారణం అర్థమయ్యాక ఈ పరికరం మీద నా అంచనా మారింది. పట్టీ లెక్కించేది ఎన్నిసార్లు ఊపిరి తీశామన్నదే, ఎంత లోతుగా తీశామన్నది దానికి తెలియదు. ఎన్ని లీటర్ల గాలి పీల్చామో కొలవాలంటే ల్యాబ్‌లో ముఖానికి మాస్కు పెట్టాల్సిందే. పరిశోధనల్లోనూ వ్యాయామంలో ఈ తేడా కొన్నింట్లో కనిపించింది, కొన్నింట్లో కనిపించలేదు. కనుక అంకె పెరగలేదని మీ ఆయాసం అబద్ధమని అనుకోకండి.

యాప్ మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. డేట్‌కు ముందు వారంలో అదే వేగానికి గుండె కాస్త ఎక్కువ కొట్టుకుంటే, ఫిట్‌నెస్ తగ్గుతోందని చెప్పేస్తుంది. నెలసరి తేదీలు అదే యాప్‌లో ఇంకో పేజీలో ఉన్నాయి, రెండూ కలిపి చూడదు. నాతో పరిగెత్తే చెల్లెళ్లు అది చూసి "అక్కా, స్టామినా పోయింది" అని దిగులు పడతారు. పోలేదమ్మా. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నెలలో పెద్దగా మారదు. ఆ వారం పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తండి చాలు.

క్యాలెండరు ఫర్వాలేదు. అండం విడుదలయ్యాక డేట్ వచ్చేదాకా ఉండే గడువు రెండు వారాల దరిదాపుల్లో ఉంటుంది, అంతకు ముందు భాగమే ఎక్కువగా అటూ ఇటూ అవుతుంది. జ్వరమో, పరీక్షల ఒత్తిడో వస్తే దాని అంచనా తప్పుతుంది. గర్భం రాకుండా చూసుకోవడానికి దాన్ని నమ్మొద్దు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో సాధారణంగా అండం విడుదల కాదు, కాబట్టి పైన చెప్పిన లెక్క వాళ్లకు వర్తించదు.

పట్టీని కట్టుకునేముందు లోపలి వైపు తడపాలి. బ్రా పట్టీ కిందకు వచ్చేలా కట్టాలి, లేకపోతే ఒరుసుకుని చర్మం లేస్తుంది. ప్రతి పరుగు తర్వాత మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు పేరుకుని వాసన వస్తుంది. వానాకాలంలో ఆరదు, ఫ్యాను కింద వేయాలి.

ఈ పరికరాలేవీ చెప్పని విషయం ఒకటుంది, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. డేట్ వచ్చి వెళ్లాక కూడా ఆయాసం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. బ్లీడింగ్ ఎక్కువయ్యేవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. వాచ్‌లో ఆక్సిజన్ 98 అని చూసి ధైర్యపడొద్దు. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండిందో అది చెబుతుంది, అసలు హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పదు. రోడ్డు మీద సగం బస్సులే తిరుగుతున్నా, ఆ తిరిగేవి నిండుగా ఉంటే దానికి అంతా బాగున్నట్టే. గర్భిణులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత కిందే లెక్క. ఫెరిటిన్ కూడా చూపించుకుంటే ఐరన్ నిల్వలు తెలుస్తాయి. డేట్‌కు ముందు పిల్లికూతలు, దగ్గు వస్తుంటే ఉబ్బసం కావచ్చు, కొందరిలో అది సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కువవుతుంది. డాక్టరుకు ఆ తేదీలు చూపించండి, వాచ్ క్యాలెండరు అక్కడ నిజంగా పనికొస్తుంది.

వాచ్ ఇప్పటికే ఉన్నవాళ్లు కొత్తది కొనక్కర్లేదు, పట్టీ ఒక్కటి చాలు. కొన్ని వాచ్‌లు పట్టీ నుంచి గుండె వేగం మాత్రమే తీసుకుంటాయి, శ్వాస రేటు చూపించవు. డబ్బు కట్టేముందు మీ మోడల్‌కు అది వస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.