పది శాతం మనుషులు: ‘కాల్ మై ఏజెంట్!’ మూడోసారి చూశాక

2020లో ఇంట్లోంచి కదలలేని రోజుల్లో మొదటిసారి చూసిన ఈ ఫ్రెంచి ధారావాహికను ఇటీవలే మూడోసారి, మొదటి ఎపిసోడు నుంచి చివరి దాకా, ఒక్కటీ వదలకుండా చూడటం పూర్తి చేశాను. మొదటిసారి నాకు దొరికినవి మూడు సీజన్లే. నాలుగోది ఆ ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్ 2 చానెల్లో మొదలై నవంబరులో ముగిసింది, మరికొన్ని నెలలకు నెట్‌ఫ్లిక్స్ ద్వారా నాదాకా వచ్చింది. సీజనుకు ఆరు చొప్పున మొత్తం 24 ఎపిసోడ్లు. ఇన్నేళ్ళుగా దీన్ని విడిచిపెట్టకుండా ఉండటానికి నాకు ఒక సొంత కారణం ఉంది. హైదరాబాదులో ఒక నటుడి దగ్గర మూడేళ్ళపాటు డేట్లు చూసే పని చేశాను. ఏ రోజు ఏ సినిమాకు, ఏ పూట ఏ డబ్బింగుకు, ఎవరి అడ్వాన్సు అందింది, ఎవరి ఫోనుకు జవాబు చెప్పాలి, ఎవరిది రేపటికి వాయిదా వేయాలి అనేదే ఆ పని. తెర మీద మా పనిని ఇంత దగ్గరగా చూపించిన కథను నేను మరొకటి చూడలేదు.

దీని అసలు పేరు ‘దీ పూర్ సాఁ’, అంటే ‘పది శాతం’. ఫ్రాన్స్‌లో నటుల ఏజెంటు తీసుకునే కమిషను పారితోషికంలో పది శాతం మించకూడదని చట్టం ఉంది, పేరు అక్కడి నుంచి వచ్చింది. ఇంగ్లీషు పేరులో ఈ అంకె పోయింది, దానితోపాటు కథకు మూలమైన విషయం కూడా కొంత మరుగున పడిందని నాకు అనిపిస్తుంది. ఎదుటి మనిషి సంపాదనలో పదో వంతు మీద బతికేవాడు ఆ మనిషితో నిజం ఎంతవరకు మాట్లాడగలడు? ఈ ధారావాహిక అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుందని రెండోసారి చూస్తున్నప్పుడు తెలిసింది, మూడోసారి చూశాక ఇంకా గట్టిగా నమ్ముతున్నాను.

కథ పారిస్‌లో, సాఁతొనోరే వీధిలోని ఒక ఆఫీసులో నడుస్తుంది. సంస్థ పేరు ఆస్క్, దాన్ని స్థాపించిన పెద్దాయన సామ్యుయెల్ కెర్. ఆయన మొదటి ఎపిసోడులోనే సెలవు మీద బ్రెజిల్ వెళ్ళి, కందిరీగను మింగడం వల్ల చనిపోతాడు. నటులు ఆయన మీద నమ్మకంతో అక్కడ ఉన్నవాళ్ళు, ఆయన భార్య తన వాటా అమ్ముకోవాలనుకుంటుంది, బయట స్టార్‌మీడియా అనే పోటీ సంస్థ కాచుకుని ఉంటుంది. మిగిలిన నలుగురు ఏజెంట్లు ఇంటిపెద్ద పోయిన అన్నదమ్ముల్లాగా ఒకపక్క కలిసి నిలబడాలని చూస్తూ, మరోపక్క ఎవరి దారి వారు వెతుక్కుంటారు. పని తప్ప మరొకటి ఎరగని ఆంద్రేయాగా కామీయ్ కొత్తాఁ, లెక్కలు వేసి మాట్లాడే మతియాస్‌గా తిబో ద మోంతలంబేర్, నటుల బాధను తన బాధగా మోసే గాబ్రియెల్‌గా గ్రెగొరి మోంతెల్, తన కుక్కకు జాఁ గబాఁ అని పాతకాలపు మహానటుడి పేరు పెట్టుకున్న ఆర్లెట్‌గా లిలియాన్ రొవేర్ నటించారు.

దీని ప్రత్యేకత ఎపిసోడుకు ఒకరో ఇద్దరో నిజమైన తారలు తమ సొంత పేరుతో, తమలాగే కనిపించడం. ఈ ఆలోచన చేసిన దొమినిక్ బెనార్ స్వయంగా ఆర్ట్‌మీడియా అనే పేరున్న ఏజెన్సీలో ఏళ్ళ తరబడి ఏజెంటుగా పనిచేసినవాడు, ఆ తరువాత నిర్మాత అయ్యాడు. కథను ధారావాహికగా మలిచిన రచయిత్రి ఫనీ ఎరెరో. మొదటి ఎపిసోడ్లకు సెద్రిక్ క్లాపిష్ వంటి పేరున్న సినీ దర్శకుడు దర్శకత్వం వహించాడు. లోపలివాడు చెప్పిన కథ అని చూస్తూ ఉండగానే తెలిసిపోతుంది. ఎవరి ఫోను ఎత్తాలి, ఎవరిది మోగనివ్వాలి అనే నిర్ణయం ఒక్క కనుసైగలో జరిగిపోవడం బయటి నుంచి చూసి రాసేవారికి అందే సంగతి కాదు.

మొదటి ఎపిసోడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నటి సెసిల్ ద ఫ్రాన్స్‌కు హాలీవుడ్ దర్శకుడు టరాంటినో సినిమాలో అవకాశం వస్తుంది. ఒప్పుకున్నాక, ఆమె వయసు ఎక్కువైందన్న మాట అవతలి నుంచి వస్తుంది. ఆ మాట ఆమెకు చెప్పాల్సినవాడు గాబ్రియెల్. అతను చెప్పలేడు. ఆమె సంతోషంగా ఉన్న ప్రతిసారీ అతని నోరు తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది, ప్రతి గంటా ఆలస్యమైనకొద్దీ చెప్పాల్సిన మాట బరువెక్కుతుంది. అబద్ధం ఆడాలని అతనికి లేదు, ఆమెను నొప్పించకూడదనే ఉంది. అయినా ఆ మౌనమే చివరికి అన్నిటికన్నా పెద్ద అబద్ధమై కూర్చుంటుంది.

దీన్ని మొదటిసారి చూసినప్పుడు నేను మధ్యలో ఆపి, లేచి, కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. నేను పనిచేసిన నటుడిని ఒక సినిమా నుంచి తప్పించి వేరొకరిని పెట్టుకున్నారని నాకు ఒక సాయంత్రం ఫోను వచ్చింది. ఆయన అప్పుడు ఆ పాత్ర కోసం గడ్డం పెంచుతున్నారు. ‘షెడ్యూలు వాయిదా పడింది సార్’ అని చెప్పాను. రెండు రోజుల్లో అసలు సంగతి చెబుదామనుకున్నాను, ఆ రెండు రోజులు పన్నెండు రోజులయ్యాయి. ఆయన ఆ విషయాన్ని పేపర్లో చదివారు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు గడ్డం తీసేసి వచ్చి, ‘ఇవాళ ఏముంది మనకి?’ అని మామూలుగా అడిగారు. తిట్టి ఉంటే నేను ఇంత కాలం దాన్ని మోసేవాణ్ణి కాదు. గాబ్రియెల్ ముఖంలో కనిపించిన ఆ మింగలేని, కక్కలేని స్థితి రచయితలు ఊహించి రాసినది కాదని, ఎవరో అనుభవించి చెప్పినదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

ఆంద్రేయా దీనికి పూర్తిగా వేరు దారి. ఆమె అబద్ధాలు ఆడుతుంది, ధైర్యంగా, వేగంగా, పని జరగడం కోసం ఆడుతుంది. కానీ చెప్పక తప్పని ఘడియ వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి చెప్పేస్తుంది. మతియాస్ నిజాన్ని కూడా సొమ్ములాగా దాచుకుంటాడు, అవసరమైనప్పుడు అవసరమైనంతే బయటికి తీస్తాడు. ఆర్లెట్ తన వయసు ఇచ్చిన స్వేచ్ఛతో మొదటి నిమిషంలోనే అనేస్తుంది. మంచివారు, చెడ్డవారు అని విడదీయకుండా, ఎవరు ఎప్పుడు నిజం చెబుతారు అనే కొలతతో నలుగురి స్వభావాలనూ నిలబెట్టడం ఈ రచనలో నేను అన్నిటికన్నా గౌరవించే పని.

డేట్ల బాధ తెలిసినవారు మూడో సీజనులో ఇజబెల్ ఉపేర్ ఎపిసోడును తప్పక చూడాలి. ఆవిడ ఒకే కాలంలో రెండు సినిమాలు చేస్తూ ఉంటుంది. వాటిలో ఒకదాని ఒప్పందం ప్రకారం అలా చేయకూడదు. ఒక రాత్రంతా ఆమెను పారిస్ వీధుల్లో ఒక సెట్టు నుంచి మరో సెట్టుకు తరలిస్తూ, అవతలివారికి అనుమానం రాకుండా కాపాడటం ఏజెన్సీ పని అవుతుంది. మన దగ్గర ఒకే రోజు రెండు కాల్షీట్లు ఇచ్చిన నటుడి కోసం ఉదయం ఒకచోట, మధ్యాహ్నం మరోచోట యూనిట్టును కూర్చోబెట్టి నచ్చజెప్పిన ప్రతి మేనేజరుకూ ఆ పరుగు ఒంటికి తెలిసిన పరుగే. ఉపేర్ అందులో తన పని పిచ్చిని తానే చూపించిన తీరు అద్భుతం. ఆమె దురాశాపరురాలిగా కనిపించదు. నటించకుండా ఒక్క గంట కూడా ఉండలేని మనిషిగా కనిపిస్తుంది, అందుకే ఆమె కోసం అబద్ధం ఆడేవాళ్ళ మీద మనకు కోపం రాదు.

తల్లీకూతుళ్ళయిన నతాలీ బే, లోరా స్మెత్ కలిసి కనిపించే ఎపిసోడు, ఒకే పాత్ర దగ్గర ఎదురుపడే పాత స్నేహితురాళ్ళుగా లీన్ రెనో, ఫ్రాఁస్వాజ్ ఫబియాఁ వచ్చే ఎపిసోడు కూడా మళ్ళీ మళ్ళీ చూడదగినవి. ఎనభై దాటిన ఇద్దరు నటీమణులకు ఒకే పాత్ర మిగలడంలోని దుఃఖాన్ని ఏ పెద్ద సంభాషణా లేకుండా చూపించారు. జాఁ దుజార్దాఁ తన పాత్ర నుంచి బయటికి రాలేక అడవి మనిషిలా తయారయ్యే ఎపిసోడు నవ్విస్తుంది కానీ, రెండోసారికి అంత నిలవదు.

తారల కోసం చూడటం మొదలుపెట్టినవారు చివరికి సహాయకుల కోసం చూస్తారని నా అనుభవం. మతియాస్ సహాయకురాలు నొయెమీగా లోర్ కలామీ, గాబ్రియెల్ సహాయకుడు ఎర్వేగా నికొలా మోరీ, దక్షిణాది ఊరి నుంచి వచ్చి ఆంద్రేయా దగ్గర చేరే కామీగా ఫనీ సిడ్నీ ఈ ఆఫీసుకు ప్రాణం. యజమాని మనసు అతనికన్నా ముందే చదివేసి, కాఫీతోపాటు అబద్ధం కూడా సిద్ధంగా పెట్టుకునే నొయెమీ వంటి మనుషులను నేను కృష్ణానగర్ ఆఫీసుల్లో ఎందరినో చూశాను. తెర మీద పేరు పడకపోయినా, వాళ్ళు ఒక్క రోజు రాకపోతే ఎవరి షూటింగు ఎక్కడో ఎవరికీ తెలియదు. లోర్ కలామీకి తరువాత 2021లో వేరొక చిత్రానికి ఉత్తమ నటిగా ఫ్రెంచి సినిమా వాళ్ళ సెజార్ పురస్కారం వచ్చినప్పుడు మా ఇంటి మనిషికి వచ్చినట్టు సంతోషించాను.

లోపాలు ఉన్నాయి, వాటిని కూడా చెప్పాలి. కామీ ఎవరి కూతురన్న రహస్యాన్ని ఆఫీసులో దాచే భాగం అవసరానికి మించి సాగుతుంది. రెండో సీజనులో సంస్థను కొనుక్కునే ఇషామ్ పాత్ర బలంగా మొదలై, ఆంద్రేయా సొంత జీవితంతో ముడిపడ్డాక వ్యాపారం కథ పలచబడుతుంది. మూడు సీజన్ల తరువాత ఫనీ ఎరెరో తప్పుకున్నారు, నాలుగో సీజనులో ఆ లోటు నాకు స్పష్టంగా కనిపించింది. షార్లొట్ గేన్స్‌బూర్ స్నేహితుడి మాట కాదనలేక ఇబ్బంది పడే ఎపిసోడు బాగున్నా, మొత్తం మీద మలుపులు పాత్రల లోపలి నుంచి కాకుండా బయటి నుంచి వస్తున్నట్టు ఉంటాయి. అన్నిటికన్నా నాకు లోటుగా అనిపించినది వేరు. పది శాతం అని పేరు పెట్టుకున్న కథలో ఆ పది శాతం లెక్క దాదాపు ఎక్కడా కనిపించదు. ఒక చిన్న నటుడి పదో వంతు కోసం ఏజెంటు ఎన్ని ఫోన్లు చేస్తాడు, ఒక పెద్ద తార పదో వంతు ఎంత మంది జీతాలు మోస్తుంది, చిన్నవాడి ఫోను ఎందుకు ఆలస్యంగా ఎత్తుతారు అనే సంగతులు ఒక్క ఎపిసోడుకైనా కేంద్రం అయి ఉంటే ఈ కథ ఇంకా లోతుకు వెళ్ళేది. తారలందరూ చివరికి ముద్దుగానే మిగలడం కూడా అదే కోవలోది. అందులో స్వయంగా నటిస్తున్నవారిని నిజంగా చేదుగా చూపించడం కష్టమేనని ఒప్పుకుంటాను.

సబ్‌టైటిల్స్ గురించి ఒక మాట. నేను ఫ్రెంచి మాటలతోనే, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాను. ఫ్రెంచిలో మనకున్నట్టే ‘నువ్వు’, ‘మీరు’ వేరువేరుగా ఉన్నాయి, ‘తు’, ‘వు’ అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకటే అయిపోతాయి. మూడోసారికి కథ మనసులో ఉంది కాబట్టి చదవడం తగ్గించి చెవి పెట్టాను. ఎవరు ఎవరిని నువ్వంటున్నారో, ఎవరు మీరు దగ్గరే ఆగిపోతున్నారో గమనిస్తే ఆ ఆఫీసులోని దూరాలు, దగ్గరితనాలు తెలుగువాళ్ళకు ఇంగ్లీషు ప్రేక్షకులకన్నా సులువుగా అర్థమవుతాయి. మూడుసార్లు చూడటంలో నాకు దక్కిన కొత్త లాభం ఇది.

దీనికి 2021 నవంబరులో ఉత్తమ హాస్య ధారావాహికగా ఇంటర్నేషనల్ ఎమ్మీ అనే టీవీ పురస్కారం వచ్చింది, అదే విభాగంలో మన హాస్యకళాకారుడు వీర్ దాస్ కూడా పోటీలో ఉన్నాడు. టర్కీ, బ్రిటన్, దక్షిణ కొరియాలు దీన్ని తమ తమ ఊళ్ళకు తెచ్చుకున్నాయి. మన దేశంలో షాద్ అలీ దర్శకత్వంలో 2021 అక్టోబరులో హిందీ రూపం వచ్చింది. రజత్ కపూర్, ఆహానా కుమ్రా, సోనీ రాజ్‌దాన్, ఆయుష్ మెహ్రా ఏజెంట్లుగా నటించారు, తల్లీకూతుళ్ళ కథకు సారిక, అక్షరా హాసన్ వచ్చారు. నటుల్లో లోపం లేదు. కానీ సన్నివేశాలను దాదాపు ఉన్నవున్నట్టు తెచ్చి, పని జరిగే తీరును మాత్రం ముంబయిది చేయలేకపోయారు. మన దగ్గర, నేను చూసినంతలో, తార పక్కన ఉండే మనిషి చాలాసార్లు బావమరిదో, చిన్ననాటి స్నేహితుడో, పదిహేనేళ్ళుగా వెంట ఉన్న మేనేజరో అవుతాడు. అతనికి కమిషను లెక్క ఒక్కటే ఉండదు, ఇంట్లో పెళ్ళికి పిలుపు, పిల్లల ఫీజు, ఎప్పుడో తీసుకున్న చేబదులు కూడా ఉంటాయి. ఆ ముడుల మధ్య ‘సార్, ఈ కథ మీకు నప్పదు’ అని చెప్పడం ఎంత కష్టమో చూపించి ఉంటే అది వేరే స్థాయి ధారావాహిక అయి ఉండేది. తెలుగులో ఎవరైనా ఆ కథ రాస్తే మొదటి రోజే చూడటానికి నేను సిద్ధంగా ఉన్నాను.

కొత్తగా చూసేవారు హిందీది తరువాతకు ఉంచి ఫ్రెంచి దానితో మొదలుపెట్టండి. ఫ్రెంచి తారల ముఖాలు తెలియకపోయినా భయం లేదు, నాకూ మొదటిసారి సగం మంది తెలియదు. మొదటి ఎపిసోడులో మనుషులు ఎక్కువై తికమకగా ఉంటే మూడో ఎపిసోడు దాకా ఓపిక పట్టండి. పిల్లలతో కూర్చుని చూసేది మాత్రం కాదు. నాలుగో సీజను గురించి నేను పైన అన్నది ఎలా ఉన్నా, జాఁ రెనో వచ్చే చివరి ఎపిసోడును వదలకండి. విశ్రాంతి తీసుకోవాలనుకునే నటుడు ఒకవైపు, సామాను సర్దుకునే ఆఫీసు మరోవైపు. ఖాళీ అవుతున్న ఆ గదులను చూస్తున్నప్పుడు నేను మా పాత నటుడికి ఫోను చేశాను. ఆయన రెండో రింగుకే ఎత్తి, ‘ఏమయ్యా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?’ అన్నారు. ఆ పన్నెండు రోజుల సంగతి అప్పుడు చెప్పాను.