మనుషులు వచ్చారు, సామాను రాలేదు: మాస్టోడాన్‌తో నా అనుభవం

2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారాక మాస్టోడాన్‌కు వచ్చాను. ఇది ట్విట్టర్ లాంటి వేదికే, కాకపోతే వేర్వేరు మనుషులు విడివిడిగా నడిపే సర్వర్ల (ఖాతాలు ఉండే కంప్యూటర్ల) కూటమి. ఎందుకు వచ్చానో చెప్పి విసిగించను. నా అవసరం చిన్నది: వారానికో సమస్య (పద్యంలో ఒక పాదం) ఇస్తాను, పదిమంది దాకా దాన్ని పద్యంగా పూరిస్తారు. అంతే.

ఆ పనికి ఇది చక్కగా కుదిరింది. ట్విట్టర్‌లో మామూలు ఖాతాకు 280 అక్షరాల హద్దు, అందులో గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్క. ఉత్పలమాల ఎలాగో సర్దుకునేది గానీ పొడవైన సీసపద్యం తెగిపోయి, దాని చివర వచ్చే ఎత్తుగీతి రెండో పోస్టులో పడేది. ఇక్కడ సాధారణంగా 500. సీసమూ గీతీ మొదటిసారి ఒకేచోట నిలబడినప్పుడు కలిగిన సంతోషం ఛందస్సు పిచ్చి లేనివారికి చెప్పినా అర్థం కాదు.

అయితే నేను అంతకంటే ఎక్కువ ఊదరగొట్టింది ఇల్లు మారే సౌకర్యం గురించి. సర్వర్ నచ్చకపోతే మరో సర్వర్‌లో ఖాతా తెరిచి, అక్కడ పాత ఖాతా పేరు నమోదు చేసి, పాత ఖాతాలో చిరునామా మార్చితే చాలు, ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే వెంట వస్తారు. ‘ఇక ఏ యజమానికీ భయపడనక్కర్లేదు’ అని కనబడిన వారికల్లా చెప్పాను. ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి.

నేనున్న సర్వర్‌ను ఒకాయన సొంత డబ్బుతో నడిపేవారు. మూడు నెలల్లో మూసేస్తానని మర్యాదగా ముందే చెప్పారు. నేనే, ఇంకా బోలెడు సమయం ఉంది కదా అని ఆఖరి వారం దాకా కూర్చున్నాను. మారిన పూటే ఫాలోవర్లు దాదాపు అందరూ వచ్చేశారు. కొత్త ఖాతాలో పోస్టుల సంఖ్య మాత్రం సున్నా. పోస్టులు వెంట రావు. ఆ సంగతి మార్పు పేజీలోనే రాసి ఉంది, చదవనిది నేను.

పాత పోస్టులను ఫైలుగా దించుకున్నాను. కానీ దాన్ని కొత్త ఖాతాలోకి ఎక్కించే దారి లేదు. సామాను లారీ ఎక్కింది, దించడానికి కొత్త ఇంటికి గుమ్మం లేదు. పైగా అందులో ఉన్నవి నేను రాసినవే. రెండేళ్ల సమస్యలు ఉన్నాయి, పూరణలు లేవు. సమస్యను దాచుకుని ఏం చేసుకోను?

నెల తరువాత డాలస్‌లో ఉంటున్న ఒక పద్యమిత్రుడు సందేశం పెట్టారు: ‘మీ సమస్యలూ, మనవాళ్ల పూరణలూ మా సర్వర్‌లో ఇంకా కనబడుతున్నాయండీ, బొమ్మలే పోయాయి.’ ఆయన నన్ను అనుసరిస్తున్నందువల్ల నా పోస్టుల ప్రతులు అక్కడ మిగిలిపోయాయట. నా ఇల్లు కూలినా నా ఉత్తరాలు పొరుగువారి బీరువాలో ఉన్నాయి! అన్నీ కావు. ఆయన అనుసరించని వారి పూరణల్లో చాలా భాగం దొరకలేదు. దొరికినవాటిని ఆయన ఓపికగా నకలు తీసి పంపారు.

మాది చిన్న గుంపు కాబట్టి నాకు ఇది ఇప్పటికీ సరిపోతోంది. పాత పోస్టులే ఆస్తి అయిన వారికి ఇక్కడికి రమ్మని చెప్పే ధైర్యం లేదు. మాలో ఇద్దరు బ్లూస్కై అనే ఇలాంటి మరో వేదికకు వెళ్లారు. అక్కడ హద్దు 300 అని నవ్వాను గానీ, గుణింతాన్ని అక్షరంలో కలిపే లెక్కిస్తారట, సీసం పడుతోందట. నన్నూ రమ్మంటున్నారు. ప్రస్తుతానికి పూరణలను నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నాను, ఇంకా సగం ఉన్నాయి.