నోట్లో కుట్లకు ఏ దారం? పర్లాకిమిడి నుంచి ఒక డెంటిస్టు మాట

పర్లాకిమిడిలో క్లినిక్ పెట్టినప్పటి నుంచీ నా ట్రేలో మొదటి చోటు 3-0 (దారం మందం చెప్పే నంబరు) నల్ల సిల్కుదే. అల్లిన దారం కాబట్టి చేతికి లొంగుతుంది, ముడి వేసిన చోటే కూర్చుంటుంది. చిగురు మీద నల్లగా కనబడుతుంది గనుక వారం తర్వాత విప్పేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. లోపం కూడా ఆ అల్లికలోనే ఉంది: వత్తి నూనెను పీల్చినట్టు ఉమ్మిని, పాచిని లోపలికి లాక్కుంటుంది. గుట్కా మానని వాళ్ల నోట్లో దాని అవతారం చెప్పక్కర్లేదు.

దారం బలం అనగానే అందరూ ప్యాకెట్ మీది నంబరే చూస్తారు. 3-0 కన్నా 4-0 సన్నం, బలమూ తక్కువ. నిజమే. కానీ తెగేది మాత్రం దాదాపు ఎప్పుడూ ముడి దగ్గరే. అందుకే కొత్త దారం వస్తే సిరంజి గొట్టం చుట్టూ ముడి వేసి, లగేజీ తూచే కొక్కెం కాటాకు తగిలించి లాగి చూస్తాను. పొడిగా ఒకసారి, రాత్రంతా సెలైన్‌లో నానబెట్టి ఒకసారి. ల్యాబు యంత్రం చెప్పినంత కచ్చితంగా చెప్పదు గానీ, రెండు దారాల మధ్య తేడా తెలిసిపోతుంది. నానితే సిల్కు బలం కొంత తగ్గుతుంది. నైలాన్‌తో తెగడం కన్నా ముడి జారడమే భయం. మెలికలు ఎక్కువ వేయాలి, కత్తిరించిన కొసలేమో బుగ్గకు గుచ్చుకుంటాయి. చవగ్గా వస్తోందని తీసుకున్న ఒక సిల్కు (పేరెందుకులెండి) బిగిస్తుండగానే పీచులు లేచింది. ఆ బాక్సు మళ్లీ తెరవలేదు.

విప్పక్కర్లేకుండా ఒంట్లోనే కరిగే దారాల్లో క్యాట్‌గట్ (జంతువుల పేగుతో చేసేది) మీద నాకు నమ్మకం లేదు, ఉమ్మి తగిలితే తొందరగా మెత్తబడిపోతుంది. పాలీగ్లాక్టిన్ 910 అనే కృత్రిమ దారం రెండు వారాలకు కూడా సుమారు 75 శాతం బలం నిలుపుకుంటుంది, పూర్తిగా కరగడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. పన్ను తీసిన గాయానికి అంత కాలం ఎందుకు? అందులోనే త్వరగా కరిగే రకం ఉంది. ఐదో రోజుకు సగం బలం, రెండు వారాలకు సున్నా. నోటికి ఇది చాలు.

గుమ్మా వైపు కొండల నుంచి వచ్చేవాళ్లకు అదే వేస్తాను. “కుట్లు విప్పించుకోడానికి వారంలో రావాలమ్మా” అంటే “మళ్లీ బస్సు ఛార్జీలెక్కడివి బాబూ” అంటారు. పాతపట్నం వాళ్లకు సిల్కే, పది నిమిషాల్లో వచ్చి విప్పించుకుని పోతారు. త్వరగా కరిగే దారం సిల్కు కన్నా బాగా ఖరీదు, మా ఊళ్లో అడిగిన వెంటనే దొరకదు కూడా. బరంపురం నుంచి తెప్పించుకోవాలి, అదీ ఎక్స్‌పైరీ డేట్ చూసుకుని.