అద్దం కింద పళ్లెం: మెగ్నీషియమా, అల్యూమినియమా?
200 మి.మీ. టెలిస్కోప్ అద్దాన్ని మోసే పళ్లేన్ని విజయవాడ ఆటోనగర్‌లో చేయించాలనుకుంటే ముందు ఈ లెక్క చూడండి. ఏజడ్91 రకం మెగ్నీషియం మిశ్రమం సాంద్రత ఘన సెం.మీ.కు 1.81 గ్రాములు, 6061 రకం అల్యూమినియం మిశ్రమానిది 2.70. ముక్కకు ముక్క పోలిస్తే అల్యూమినియమే గట్టిది: స్థితిస్థాపక గుణకం (వంగకుండా, సాగకుండా నిలిచే గుణానికి కొలత) 69 గిగాపాస్కల్, మెగ్నీషియంది 45. కానీ అదే బరువుకు మెగ్నీషియం పళ్లెం ఒకటిన్నర రెట్లు మందంగా వస్తుంది. వంగుడుకు ఎదురు నిలిచే శక్తి మందం ఘనంతో (మూడో ఘాతంతో) పెరుగుతుంది కాబట్టి, అది సుమారు రెట్టింపు బిగువుగా ఉంటుంది. హెలికాప్టర్ గేర్‌బాక్స్ పెట్టెలకు ఈ లోహాన్ని వాడటానికి బరువు తగ్గడమే ప్రధాన కారణం.

వ్యాకోచంలో పెద్ద తేడా లేదు. ఉష్ణోగ్రతలో 15 డిగ్రీల మార్పుకు 200 మి.మీ. పొడవున రెండూ 0.07–0.08 మి.మీ. కదులుతాయి, అద్దం చేసే బోరోసిలికేట్ గాజు 0.01 మాత్రమే. అందుకే అద్దాన్ని పట్టి ఉంచే క్లిప్పుకూ అద్దానికీ మధ్య కాగితం మందం సందు వదలాలి. బిగిస్తే నక్షత్రం ఆకారం చెడి కనిపిస్తుంది.

అసలు చిక్కు లేత్ దగ్గర. సన్నటి మెగ్నీషియం పొట్టు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, హైడ్రోజన్ పుట్టి మంట ఎగదన్నుతుంది. పొడి ఇసుక పక్కనే ఉండాలి, పదునైన టూల్ వాడాలి, పొట్టు పోగవకుండా చూడాలి. కృష్ణ ఒడ్డు తేమలో ఉక్కు బోల్టు నేరుగా తగిలితే చుట్టూ ఉన్న మెగ్నీషియాన్ని తుప్పు తినేస్తుంది. రంగు పూసి, 5052 రకం అల్యూమినియం వాషర్ వేయాలి.

ఇంటి టెలిస్కోప్‌కు 6061 చాలు. మోసుకు తిరిగే పెద్ద అద్దానికైతేనే మెగ్నీషియం శ్రమ దక్కుతుంది.